230 అనుకుని కట్టిన సప్లై: ఒక పాల కేంద్రం కేసు

ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, ఒక కెపాసిటర్, వోల్టేజీని 12 దగ్గర నిలబెట్టే 7812 అనే ఐసీ ఒకటి. పన్నెండు వోల్టుల డీసీ సప్లై అంటే ఇంతే. పాలిటెక్నిక్‌లో చేరిన కుర్రాడు మొదటి ఏడాదిలోనే కట్టేస్తాడు. నేను తిరుపతిలో సర్వీస్ షాపు పెట్టి చాలా ఏళ్లయింది, ఇలాంటివి ఎన్ని కట్టానో లెక్క లేదు. అలాంటిది పోయినేడాది ఒక సప్లై నన్ను రెండుసార్లు ఓడించి, మూడోసారికి గానీ దారికి రాలేదు. ఎక్కడ పొరపాటు పడ్డానో, ఎందుకు పడ్డానో రాసి పెడుతున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు, గుర్తు పట్టే వివరాలు కొన్ని మార్చాను. అంకెలు మాత్రం నా నోట్‌బుక్‌లో ఉన్నవే.

కేంద్రం సంగతి

చిత్తూరు వైపు ఒక పల్లె. జిల్లా విడిపోయాక కూడా మా నోటికి అదంతా చిత్తూరు జిల్లానే. అక్కడ పాల సేకరణ కేంద్రం ఒకామె నడుపుతుంది. పొద్దున, సాయంత్రం కలిపి అరవై ఇళ్ల దాకా పాలు పోస్తారు. గిన్నెలోంచి చిన్న కప్పుతో శాంపిల్ తీసి అనలైజర్ కింద పెడితే, లోపలి పంపు పీల్చుకుని ముప్పావు నిమిషంలో ఫ్యాటు (వెన్న శాతం), ఎస్.ఎన్.ఎఫ్. (వెన్న కాక పాలలో ఉండే గట్టి పదార్థం) చూపిస్తుంది. రేటు దాన్ని బట్టే. ఆ డబ్బాకి కావలసింది 12 వోల్టుల డీసీ. గోడకు గుచ్చే నల్ల అడాప్టర్ ఒకటి దానికి కరెంటు ఇస్తోంది.

గొడవ అక్కడ మొదలైంది. ఒకే ఆవు పాలకి ఒక రోజు 4.1, మర్నాడు 3.4. ఒక పెద్దాయన అందరి ముందే అనేశాడంట, "మా ఆవు అదే, గడ్డి అదే, నీ మిషను బుద్ధి మాత్రం పూటకొకటిగా ఉండాదే" అని. కేంద్రం నడిపే ఆమెకి అది బాగా తగిలింది. నాకు ఫోన్ చేసినప్పుడు మిషను చెడిపోయిందనలేదు. "అన్నా, నేను దొంగనంట, వచ్చి చూడు" అంది.

నేను వెళ్లేసరికే అనలైజర్‌ని రెండుసార్లు సర్వీస్ చేయించారు. సెన్సార్ కడిగారు, క్యాలిబ్రేషన్ చేశారు, వారం బాగుండి మళ్లీ మొదటికే వచ్చింది. నేనూ మొదట అనలైజర్‌నే అనుమానించాను, అందులో దాచేదేం లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. పొద్దుటి పాలకీ సాయంత్రం పాలకీ ఫ్యాటులో తేడా సహజంగానే ఉంటుంది. రాత్రంతా పొదుగులో ఉన్న పాలకంటే పగటి పాలలో మామూలుగా కొంచెం ఎక్కువ వస్తుంది. కాబట్టి పూటకీ పూటకీ పోల్చి చూస్తే ఏదీ తేలదు. అందుకని ఒకే గిన్నెలో పాలు తీసుకుని, బాగా కలిపి, అవే పాలను వరసగా ఐదుసార్లు పరీక్ష చేయించాను. 3.8, 3.4, 4.1, 3.5, 3.9. ఐదు నిమిషాల్లో పాలు మారవు.

బయట నిలబెట్టిన నా స్కూటర్ బ్యాటరీ విప్పి, రెండు వైర్లు కట్టి అనలైజర్‌కి ఇచ్చాను. అవే పాలు. 3.8, 3.8, 3.9, 3.8, 3.8. ఆమె కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అనలైజర్‌కి ఏ జబ్బూ లేదు, దానికి అందే తిండిలోనే ఉంది తేడా.

అడాప్టర్ మీద 12 వోల్టులు, 3 ఆంపియర్లు అని ఉంది. చేతిలో పట్టుకుంటే అగ్గిపెట్టెంత బరువు లేదు. పంపు తిరిగేటప్పుడు మీటర్ పెట్టి చూస్తే 10.6. ఇలాంటివి అప్పటికి మూడు కొన్నారంట, ఏదీ నాలుగు నెలలు దాటలేదు.

ఎందుకు ఇనుప ట్రాన్స్‌ఫార్మర్?

ఇది చదివే వాళ్లలో సగం మంది ఇక్కడే అడుగుతారు, మంచి ఎస్.ఎం.పి.ఎస్. (బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ లేని స్విచ్చింగ్ రకం సప్లై) ఒకటి కొనిస్తే పోయేది కదా అని. న్యాయమైన ప్రశ్నే. 85 నుంచి 264 వోల్టుల దాకా తట్టుకునేవి దొరుకుతాయి. ఎవరైనా అడిగితే మామూలుగా నేనూ ముందు అదే చెబుతాను. ఇక్కడ మాత్రం రెండు కారణాలు అడ్డొచ్చాయి. మూడు నాసిరకం అడాప్టర్ల కంటే ముందు ఆమె కొన్నది మంచి రకమే, అది పిడుగుల వానలో పోయింది, విప్పి బాగుచేసే మనిషి దగ్గర్లో లేడు. ట్రాన్స్‌ఫార్మర్ సప్లై అయితే ఆమె మేనల్లుడు, ఇంటర్ చదివే కుర్రాడు, ఫ్యూజు మార్చగలడు, అవసరమైతే ఐసీ కూడా మార్చగలడు. రెండో కారణం చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. ఇదెంత పని, మధ్యాహ్నంలోపు కట్టేస్తానులే అన్న ధీమా.

ముందు లోడు ఎంతో కొలిచాను. ఈ పని ఎప్పుడూ మానకండి. అడాప్టర్ మీద 3 ఆంపియర్లు అని రాసినంత మాత్రాన అనలైజర్ 3 లాగుతుందని కాదు. ఖాళీగా ఉన్నప్పుడు 0.35, పంపు తిరుగుతూ కొలిచేటప్పుడు 0.9, పంపు మొదలయ్యే క్షణంలో 1.6 దాకా.

మొదటి డబ్బా

15 వోల్టులు 2 ఆంపియర్ల రెడీమేడ్ ట్రాన్స్‌ఫార్మర్, 1ఎన్5408 డయోడ్లు నాలుగు, 4700 మైక్రోఫారడ్ల 25 వోల్టుల కెపాసిటర్, వేడిని లాగేసే అరచేయంత అల్యూమినియం హీట్ సింక్ మీద 7812. 15 ఆర్.ఎం.ఎస్. (ఏసీకి మామూలుగా చెప్పే విలువ) అంటే పీక్, అంటే అల శిఖరం, 21. ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్ల బ్రిడ్జిలో ఒక్కోసారి రెండు డయోడ్లు కలిసి ఒక రెండు వోల్టులు తింటాయి, 19 మిగులుతుంది. కెపాసిటర్ ఒక పీక్‌కీ ఇంకో పీక్‌కీ మధ్య సుమారు 8 మిల్లీ సెకన్లు ఒంటరిగా లోడు మోయాలి. 0.9 ఆంపియర్లకి ఆ కాస్త సమయంలో ఒకటిన్నర వోల్టు జారుతుంది. అంటే ఎంత కిందికి దిగినా 17.5. 7812కి ఒక ఆంపియరు దగ్గర ఇన్‌పుట్ 14.5 ఉంటే చాలు. మూడు వోల్టులు చేతిలో ఉన్నాయి కదా అనుకున్నాను.

బెంచి మీద ఎనిమిది గంటలు నడిపాను. లోడు లేనప్పుడు 12.02, ఒక ఆంపియరు లోడు మీద 11.98. పట్టుకెళ్లి మధ్యాహ్నం బిగించి వచ్చాను. మర్నాడు పొద్దున ఏడు కాకముందే కుర్రాడు ఫోన్ చేశాడు. ఫ్యాటు మళ్లీ గంతులేస్తోంది. వాడికి నా పాత మల్టీమీటర్ ఒకటి ఇచ్చి వచ్చాను, ఎంత చూపిస్తోందిరా అంటే, "11.2 సార్, పరవాలేదు కదా" అన్నాడు. నాకూ ఆ క్షణంలో పరవాలేదనే అనిపించింది. 11.2కి అనలైజర్ అంతగా తడబడకూడదు.

తర్వాతి రోజు తెల్లవారుజామున బయల్దేరి వెళ్లాను, ఈసారి వోల్టేజీని తెర మీద గీతగా చూపించే, చేతిలో పట్టే చిన్న స్కోపుతో. ఆరున్నర దాకా గీత తిన్నగా ఉంది. ఆ తర్వాత పంపు తిరిగిన ప్రతిసారీ ఆ గీతకి రంపం పళ్లు మొలిచాయి. పై అంచు 11.9, కింది అంచు 10.4, సెకనుకి వంద పళ్లు. మల్టీమీటర్ ఆ మొత్తానికీ సగటు తీసి 11.2 అని చెబుతోంది. అనలైజర్ మాత్రం సెకనుకి వందసార్లు 10.4 చూస్తోంది. అబద్ధం మీటర్‌ది కాదు, నేను దాన్ని తప్పు ప్రశ్న అడిగాను.

230 ఉండాల్సిన గోడ ప్లగ్గులో కొలిస్తే 174.

నా షాపులో స్టెబిలైజర్ ఉంది. బెంచి మీద కరెంటు ఎప్పుడూ 228, 229. ఎనిమిది గంటలు కాదు, ఎనిమిది రోజులు నడిపినా ఆ పరీక్ష పాసయ్యేదే, ఎందుకంటే అందులో పరీక్ష అంటూ ఏమీ లేదు.

వారం రోజుల నోట్‌బుక్

ఈసారి ఏదీ కట్టకుండా, కుర్రాడికి ఒక పని అప్పగించాను. వారం రోజులు, పాలు పోసే వేళల్లో పావుగంటకోసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, గోడ ప్లగ్గు వోల్టేజీ రాయమన్నాను. పాత నోట్‌బుక్ వెనక పేజీల్లో గళ్లు గీసి ఎంత శ్రద్ధగా రాశాడంటే, చివరికి ఈ కేసులో అసలు డిజైనర్ వాడే అనిపిస్తుంది. కనిష్ఠం 172, పొద్దున 6:50కి. గరిష్ఠం 262, సాయంత్రం.

కారణం ఊళ్లో అందరికీ తెలిసిందే, నేనే అడగలేదు. ఆ పల్లె లైను చివర ఉంది. వ్యవసాయానికి పగటి కరెంటు వదలగానే చుట్టుపక్కల బోరు మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి, అందరికీ ఆటోమేటిక్ స్టార్టర్లే. అంత కరెంటు అంత పొడుగు తీగలో పారితే దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. సాయంత్రం మోటార్లు ఆగాక ఆ భారమంతా పోయి పైకి లేస్తుంది. పాలు పోసే రెండు వేళలూ సరిగ్గా ఈ రెండు కొసల మీద పడ్డాయి.

ఆ 262 చూశాక ఇందాకటి ఎస్.ఎం.పి.ఎస్. ప్రశ్నకి ఇంకో జవాబు దొరికింది. 264 దాని పై హద్దు. కొసకి రెండు వోల్టుల దూరంలో రోజూ దాన్ని కూర్చోబెట్టడానికి మనసొప్పలేదు. ఇంకోటి, విప్పి తెచ్చిన మొదటి డబ్బాలో కెపాసిటర్ తల కాస్త ఉబ్బినట్టు అనిపించింది. లెక్క వేస్తే తెలిసింది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు లోడు లేనప్పుడు రాసిన దానికంటే పది పదిహేను శాతం ఎక్కువ ఇస్తాయి, దానికి 262 తోడైతే ఆ 25 వోల్టుల కెపాసిటర్ మీద 26 పైనే పడుతోంది.

ఈ మధ్యలో కేంద్రం ఆగకూడదు కాబట్టి ఒక బ్యాటరీ, ఛార్జర్ ఇచ్చి వచ్చాను. దాన్నే ఉంచేయొచ్చు కదా అని ఆమె అడిగింది. ఉంచొచ్చు. కానీ దాన్ని ఛార్జి చేసే సప్లై కూడా ఇదే 172కీ 262కీ మధ్య బతకాలి కదా.

రెండో డబ్బా, రెండో ఓటమి

ఈసారి కింది కొస నుంచి లెక్క మొదలుపెట్టాను. 18 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుంటే 172 దగ్గర అది 13.5 ఇస్తుంది, పీక్ 19, బ్రిడ్జి పోగా 17. కెపాసిటర్లు రెండు 4700లు పక్కపక్కన వేస్తే, పంపు మొదలయ్యే 1.6 ఆంపియర్లకి కూడా జారేది ఒకటిన్నర లోపే. మిగిలేది 15.6. 7812కి అది సరిపోతుంది. కెపాసిటర్లు 50 వోల్టులవి వేశాను.

పాత మిత్రుడి దగ్గర మెయిన్స్ వోల్టేజీని కావలసినంతకి తిప్పి పెట్టుకునే డిమ్మర్‌స్టాట్ తెచ్చి, 170కి దించి రెండు గంటలు నడిపాను. స్కోపు మీద గీత కదల్లేదు. తర్వాత 260కి పెంచి ఒక పది నిమిషాలు చూశాను, బాగానే ఉంది. కింద దెబ్బ తిన్నవాడి చూపు కిందే ఉంటుంది. 170కి రెండు గంటలు ఇచ్చి 260కి పది నిమిషాలు ఇవ్వడానికి ఇంకే కారణమూ లేదు.

పొద్దున పూట అద్భుతంగా నడిచింది. సాయంత్రం అరగంట గడిచాక అనలైజర్ ఆరిపోయింది. నిమిషం తర్వాత తనంతట తనే వెలిగింది. ఇంకో పది నిమిషాలకి మళ్లీ ఆరింది. వరుసలో నిలబడ్డ ఒకామె అందంట, "ఈ డబ్బా కూడా మా బర్రె మాదిరే, మాపటైతే మొరాయిస్తాది." ఫోన్‌లో ఇది చెప్పి కేంద్రం ఆమె నవ్వింది, నాకు నవ్వు రాలేదు.

ఆ రాత్రి కూర్చుని చేసిన లెక్క ముందే చేయాల్సింది. 262 దగ్గర 7812 లోపలికి 27 వోల్టులు వెళ్తాయి, బయటికి వచ్చేది 12. మధ్యలో ఆ పదిహేను వోల్టులు 0.9 ఆంపియర్లతో కలిసి సుమారు 13 వాట్ల వేడిగా మారతాయి. ఆ చిన్న ప్యాకేజీలో చిప్పు నుంచి లోహపు వీపు దాకా రావడానికే వాటుకి 5 డిగ్రీల తేడా కావాలి, అంటే 65 డిగ్రీలు. నా హీట్ సింక్ వాటుకి సుమారు 4 డిగ్రీలది, అది ఇంకో 52. ఏప్రిల్ నెల, రేకుల షెడ్డు, సాయంత్రమైనా లోపల 40. అన్నీ కలిపితే 157. ఇంచుమించు 150 దగ్గర 7812 తనను తాను ఆపుకుంటుంది. పాపం అది తన పని తాను సరిగ్గానే చేసింది. మరి బెంచి మీద పది నిమిషాలు ఎందుకు బాగుంది? హీట్ సింక్ అంటే అల్యూమినియం ముద్ద, అది పూర్తిగా వేడెక్కడానికే అరగంట పడుతుంది. వేడి పరీక్షని గడియారం చూసి ఆపకూడదు. పావుగంటకోసారి హీట్ సింక్ టెంపరేచర్ రాసుకుంటూ, వరసగా రెండు అంకెలు ఒకటే వచ్చినప్పుడు ఆపాలి.

ఇంకా పెద్ద హీట్ సింక్ వేస్తే? అదీ చూశాను. హీట్ సింక్ ఎంత పెద్దదైనా ఆ 65 డిగ్రీలు చిప్పు లోపలివి, వాటిని ఏ అల్యూమినియమూ తగ్గించలేదు. 7812ని ఒంటరిగా వదలకూడదని అప్పుడు తేలింది.

మూడోది కట్టేముందు ఆలోచించినవి

ట్రాన్స్‌ఫార్మర్‌కి 15, 18 వోల్టులకి రెండు ట్యాపులు (బయటికి తీసిన తీగలు) పెట్టి, స్టెబిలైజర్లలో లాగా రిలేతో మార్చడం ఒక దారి. వేడి బాగా తగ్గుతుంది. కానీ వోల్టేజీ గీత దగ్గర ఊగిసలాడితే రిలే టకటక కొట్టుకుంటుంది, దానికి ఇంకో సర్క్యూట్ కావాలి, చివరికి రిలే కాంటాక్టులు అరుగుతాయి. సరిగ్గా కొలత మధ్యలో రిలే మారితే? వద్దనుకున్నాను. డయోడ్ల తర్వాత, వోల్టేజీని స్విచ్చింగ్‌తో దించే బక్ కన్వర్టర్ మాడ్యూల్ వేయడం ఇంకో దారి, వేడి చాలా తక్కువ. అయితే తక్కువ ధర మాడ్యూళ్ల మీద ఐసీ నిజమైనదో కాదో నమ్మకం లేదు, పైగా మేనల్లుడు బాగుచేసుకోగల డబ్బా అన్న మొదటి మాటే పోతుంది.

చివరికి ఎంచుకున్నది పాత పద్ధతే. 7812 అలాగే ఉంటుంది, వోల్టేజీ ఎంతుండాలో అదే చెబుతుంది, బరువు మాత్రం పక్కన ఎం.జె.2955 ట్రాన్సిస్టర్ మోస్తుంది. ఆ గుండ్రటి ఇనుప టోపీ లాంటి ప్యాకేజీలో చిప్పు నుంచి వీపుకి వాటుకి ఒకటిన్నర డిగ్రీలే. 7812 గుండా వెళ్లేది 200 మిల్లీ ఆంపియర్లు, మిగతాదంతా ట్రాన్సిస్టర్ గుండా. దీనికి ఒక లోపం ఉంది. 7812కి ఉన్న షార్ట్ రక్షణ పక్క ట్రాన్సిస్టర్‌కి ఉండదు. అందుకని ఎమిటర్‌లో 0.3 ఓముల రెసిస్టర్, దాన్ని కనిపెట్టుకుని ఉండే ఇంకో చిన్న ట్రాన్సిస్టర్. కరెంటు 2 ఆంపియర్లు దాటితే అది పెద్దదాన్ని నొక్కి పట్టేస్తుంది, మిగతా భారం 7812 మీద పడి అది వేడెక్కి ఆగుతుంది, అది ఆగితే పెద్దదీ ఆగుతుంది. రెండూ ఒకే హీట్ సింక్ మీద పెట్టింది అందుకే. ఈ రెసిస్టర్ వల్ల, ట్రాన్సిస్టర్ వల్ల ఇంకో వోల్టు దాకా పోతుంది. 172 దగ్గర 15.6 ఉంది కదా. 7812 గుండా ఇప్పుడు తక్కువ కరెంటే పోతుంది కాబట్టి మొత్తం కలిపి కావలసింది 14.9. సందు చిన్నదే కానీ ఉంది.

ట్రాన్స్‌ఫార్మర్ ఈసారి రెడీమేడ్ కొనలేదు. రెండో డబ్బాలోదాన్ని డిమ్మర్‌స్టాట్ మీద 262కి పెంచి, సెకండరీ ఖాళీగా వదిలి ప్రైమరీ కరెంటు చూశాను. వోల్టేజీ పెరిగింది పధ్నాలుగు శాతం, కరెంటు దాదాపు రెట్టింపు. మూలుగు కూడా వినిపించింది. ఇనుము అయస్కాంతంతో నిండిపోతోంది, ఇంకా పట్టడం లేదు. చవక ట్రాన్స్‌ఫార్మర్లలో చుట్లు మిగిలించడానికి 230 దగ్గరే అంచుదాకా తెచ్చి పెడతారు. వైండింగ్ చేసే మేస్త్రికి చెప్పి ప్రైమరీ, సెకండరీ రెండింటిలోనూ చుట్లు పదిహేను శాతం పెంచి చుట్టించాను. "సార్, కాపర్ ఎక్కువవుద్ది, 230కి ఇంత అక్కర్లా" అన్నాడు. 230 నీ షాపులో ఉంటుంది, అక్కడ ఉండదు అన్నాను. ఈ మాట నేనే రెండు నెలల క్రితం ఎవరైనా చెబితే విని ఉంటే బాగుండేది. సెకండరీ 3 ఆంపియర్లకి చుట్టమన్నాను. కెపాసిటర్ వెనక ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కరెంటుని చిన్న చిన్న గుటకల్లో ఇస్తుంది, అందుకే డీసీలో లాగేది ఏసీ రేటింగులో అరవై శాతం దాటకూడదు. 1.6కి 2.7 కావాలి, దుకాణంలో దొరికే 2 ఆంపియర్లది చాలదు.

ఒక చిన్న ప్రమాదం ఇక్కడ చెప్పాలి. 2955 టోపీ అంతా కలెక్టర్, అంటే మన 12 వోల్టుల అవుట్‌పుట్. 7812 వీపు గ్రౌండ్. రెండూ ఒకే అల్యూమినియం మీద కూర్చోవాలంటే మధ్యలో కరెంటుని ఆపే మైకా రేకు తప్పదు. మైకా వేశాను, పేస్టు రాశాను, స్క్రూలు బిగించాను. స్విచ్ వేసే ముందు అలవాటుగా టోపీకీ హీట్ సింక్‌కీ మధ్య మీటర్ పెడితే బీప్‌మంది. విప్పి చూస్తే, డ్రిల్ చేసిన రంధ్రం అంచున వెంట్రుకంత అల్యూమినియం ముల్లు లేచి ఉంది, అది మైకాని గుచ్చుకుని అవతలికి తగిలింది. పెద్ద డ్రిల్ బిట్‌ని చేత్తో రెండు తిప్పులు తిప్పి అంచు గీసేశాను, కొత్త మైకా వేశాను, బీప్ పోయింది.

అనలైజర్ విలువ ఈ డబ్బా విలువకి ఎన్నో రెట్లు. 2955 ఏ రోజైనా షార్టయితే 27 వోల్టులు నేరుగా దాని మీద పడతాయి. దానికి ఒక ఎస్.సి.ఆర్. (సైగ అందగానే మూసుకునే ఎలక్ట్రానిక్ స్విచ్), వోల్టేజీ హద్దు దాటితే దానికి సైగ ఇచ్చే 13 వోల్టుల జీనర్ డయోడ్ పెట్టాను. అవుట్‌పుట్ 14 దగ్గరికి రాగానే ఎస్.సి.ఆర్. రెండు తీగల్నీ షార్ట్ చేసి ముందున్న 3 ఆంపియర్ల ఫ్యూజుని ఎగరగొడుతుంది.

పరీక్ష

మొదటిసారి స్విచ్ వేసింది సిరీస్ ల్యాంపుతో, అంటే మెయిన్స్‌కీ డబ్బాకీ మధ్య 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు. భగ్గున వెలిగి చల్లారిపోయింది, అంటే కెపాసిటర్లు నిండాయి, ఎక్కడా షార్ట్ లేదు. వెలుగు తగ్గకపోతే స్విచ్ తీసేయడమే, ఇంకో ఆలోచన వద్దు. బల్బు తీసి నేరుగా ఇచ్చాక రెండోసారికే ప్రైమరీ ఫ్యూజు పోయింది. మామూలు ఫ్యూజు వేశాను, ఆ మొదటి గుటకకి అది ఆగదు. కాస్త ఆగి పోయే స్లో బ్లో రకం వేశాక మళ్లీ పోలేదు. డిమ్మర్‌స్టాట్ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అది వోల్టేజీ తగ్గిస్తుందే తప్ప మెయిన్స్ నుంచి వేరు చేయదు, 20 వోల్టులకి దించినా చేత్తో ముట్టుకుంటే షాక్ కొట్టొచ్చు. స్కోపు గ్రౌండ్ క్లిప్పు కూడా సెకండరీ వైపు తప్ప ఎక్కడా పెట్టకూడదు.

లోడుకి వైర్‌వౌండ్ రెసిస్టర్లతో పాటు ఈసారి బండి బల్బులు వాడాను. 12 వోల్టుల 10 వాట్ల ఇండికేటర్ బల్బు సుమారు 0.8 ఆంపియర్లు లాగుతుంది, మన అనలైజర్‌కి దగ్గర. దాని అసలు మేలు వేరే. చల్లగా ఉన్న ఫిలమెంట్ మొదటి క్షణంలో దాని మామూలు కరెంటుకి ఎన్నో రెట్లు లాగుతుంది, పంపు మోటారు లేచేటప్పుడు లాగినట్టే, ఇంకా మొండిగా. 172 దగ్గర పెట్టి, ఒక బల్బు వెలుగుతుండగా రెండోది తగిలిస్తే స్కోపు మీద గీత ఒక్కసారి కిందికి కుంగి లేచింది, కరెంటు హద్దు తన పని చేస్తోంది. తర్వాత మళ్లీ తిన్నగా నిలబడింది.

స్కోపు లేనివాళ్లకి ఒక ఉపాయం. మల్టీమీటర్‌ని ఏసీలో పెట్టి, ఒక తీగలో 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ సిరీస్‌లో వేసి అవుట్‌పుట్ మీద పెట్టండి. కొన్ని చవక మీటర్లు డీసీ ఉంటే ఏసీలో పిచ్చి అంకె చూపిస్తాయి, ఆ కెపాసిటర్ డీసీని ఆపేస్తుంది. మంచి సప్లై మీద అంకె సున్నా దగ్గర ఉంటుంది. మొదటి డబ్బాని మళ్లీ 172 మీద పెట్టి ఇలా కొలిస్తే 0.4 పైన చూపించింది. కుర్రాడి చేతిలో ఈ కెపాసిటర్ ఒక్కటి ఉండుంటే ఆ రోజు ఫోన్‌లోనే తేలిపోయేది.

262 మీద ఒక ఆంపియరు లోడు పెట్టి రెండున్నర గంటలు నడిపాను. గదిలో 33, హీట్ సింక్ 61 దగ్గర ఆగి ఇక కదల్లేదు. ఆఖర్న ఎస్.సి.ఆర్. పరీక్ష. అనలైజర్ బదులు బండి బల్బు పెట్టి, 2955 కలెక్టర్‌కీ ఎమిటర్‌కీ మధ్య ఒక తీగ తగిలించాను. టప్ అని ఫ్యూజు పోయింది. ఎక్కువ వెలుగుదామని బల్బుకి అవకాశమే రాలేదు.

బిగించాక

తీసుకెళ్లి బిగించబోతే ఇంకోటి బయటపడింది. ప్లగ్గులో మూడో రంధ్రం ఉత్తిదే, లోపల ఎర్త్ తీగే లేదు. కింద నేలంతా పాలు, నీళ్లు, అందరూ చెప్పులు లేకుండా నిలబడే చోటు, మా డబ్బా ఇనుపది. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి షెడ్డు వెనక ఎర్త్ రాడ్ దిగగొట్టించేదాకా స్విచ్ వేయనివ్వలేదు. ఆ పూట పాలు బ్యాటరీ మీదే కొలిచారు. ఆమెకి కొంచెం విసుగొచ్చింది, రానీ.

ఆ సాయంత్రం 258 దగ్గర, మర్నాడు పొద్దున 176 దగ్గర, ఒకే గిన్నె పాలతో మళ్లీ ఐదుసార్లు పెట్టి చూశాం. సాయంత్రం 4.0, 4.0, 4.1, 4.0, 4.0. పొద్దున 3.7, 3.7, 3.7, 3.8, 3.7. మిషను బుద్ధి గురించి మాట్లాడిన పెద్దాయన్ని ఆమె పట్టుబట్టి పక్కన నిలబెట్టుకుంది. ఐదో అంకె వచ్చాక ఆయన, "అట్లయితే ఇన్నాళ్లూ నాకు తక్కువ కట్టిన లెక్క?" అన్నాడు. కొన్నిసార్లు ఎక్కువా కట్టి ఉంటారు తాతా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

డబ్బా మూత లోపల తెలుగులో ఒక కాగితం అంటించాను. కెపాసిటర్ మీద ఎంత ఉండాలి, అవుట్‌పుట్ ఎంత, ఏసీలో కెపాసిటర్ పెట్టి కొలిస్తే ఎంత దాటకూడదు, ఏ ఫ్యూజు ఎక్కడ, అంతే. మొదటి తేదీన కుర్రాడు ఆ మూడు అంకెలూ కొలిచి వాట్సాప్ చేస్తాడు. పద్నాలుగు నెలలయింది. మధ్యలో ఒక్కసారి ప్రైమరీ ఫ్యూజు పోతే, గాలి కోసం పెట్టిన రంధ్రాల్లోంచి బల్లి దూరిందని ఫొటో పంపాడు. దోమల జాలీ ముక్క ఒకటి కట్ చేసి లోపల్నుంచి అతికించమన్నాను. ఈ నెల వచ్చిన అంకెలు: 23.1, 12.01, 0.01.